నోటి అధికారం

జకరయ్య బండికి సీలు వేసిన రోజున గుండిగలో సూపు ఇంకా మరుగుతూనే ఉంది. ద్రవాహార ప్రమాణాల మండలి వారు వచ్చి మూత మీద అడ్డంగా ఒక కాగితం, చక్రానికి నిలువుగా ఒక కాగితం అంటించి, మైదా జిగురు ఆరేదాకా పక్కనే నిలబడి నోటితో ఊదారు. ఆవిరికి మూత మీది కాగితం రెండుసార్లు ఊడింది. మూడోసారి సూపరింటెండెంటు భుజంగం గారు పొయ్యి ఆర్పించి మరీ అంటించారు.

నేరం బండి నుదుటి మీదే ఉంది. ‘జకరయ్య కాళ్ళ సూపు, జిల్లాకెల్లా మంచిది’ అని ఎర్రరంగుతో రాసిన రేకు. అది పద్దెనిమిదేళ్ళ నాటిది. బండి నిలబడేది ఎముకల ఆసుపత్రి గేటుకు ఎదురుగా. కాలు విరిగినవాళ్ళు, చెయ్యి విరిగినవాళ్ళు, వాళ్ళను మోసుకొచ్చి నడుం పట్టేసినవాళ్ళు ఇన్నేళ్ళుగా ఆ రేకు చదవకుండానే పొట్టేలు కాళ్ళ సూపు తాగి పోతున్నారు. చదివింది మండలి ఒక్కటే.

"మంచిది అని రాశావు. దేనితో పోల్చి?" అన్నారు భుజంగం గారు.

"పోల్చేదేముంది సార్. తాగినోళ్ళు అంటారు."

"తాగినవారి అభిప్రాయం పరిగణనలోనికి రాదు. కొత్త నిబంధనల మేరకు ఏ ద్రవాహారమైననూ రాష్ట్ర ప్రమాణంతో పోల్చబడి, పోలిక పత్రం పొందిన పిమ్మట మాత్రమే మంచిదనబడును. అంతవరకు అది మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. అమ్మరానిది."

"అయితే ఆ రేకు పీకేస్తా సార్."

"పీకితే సాక్ష్యం మాపిన నేరం."

"పోనీ ఆ ప్రమాణం ఏందో చూపించండి. ఇప్పుడే పోల్చుకుందాం. సూపు వేడిగానే ఉంది."

భుజంగం గారు అతని వంక జాలిగా చూశారు. "ప్రమాణం ఇంకా నిర్ణయం కాలేదయ్యా."

ఎద్దు ఈనిందంటే దూడను గాటన కట్టెయ్యమన్న సామెత జకరయ్యకు తెలుసు. ఎద్దు ఈనకముందే గాటికి సీలు వేస్తారని మాత్రం తెలియదు. ఏడో తరగతిలో బడి మానేశాడు గనుక, అది ఎనిమిదిలో చెబుతారేమో అనుకున్నాడు.

మండలి అధ్యక్షులు గంధం రామలింగేశ్వరరావు గారికి ప్రపంచస్థాయి మీద మమకారం. అంతకుముందు వేరే శాఖలో ఉండగా ప్రపంచస్థాయి బస్సు షెల్టరు కట్టించారు. దానికి నాలుగు దిక్కులా అద్దాలుండేవి. బస్సు ఆగే వైపు కూడా ఉండేది. ద్రవాహారంలోకి బదిలీ అయినాక, ప్రపంచంలోకెల్లా గొప్ప సూపు ఏదని ఆయన తన ఫోనును అడిగారు. వియత్నాం దేశపు ‘ఫో’ అంది ఫోను. బియ్యప్పిండితో చేసిన సన్నపట్టీల సేమ్యా, దాని మీద గొడ్డు ఎముకలను పూటలకు పూటలు కాచిన రసం, పైన పల్చగా కోసిన మాంసం ముక్కలు. ఆ దేశపు రాజధానిలో ఒక సందులో ఎదురెదురుగా రెండు హోటళ్ళున్నాయట. రెండింటి మీదా ‘అసలైనది ఇదే’ అని ఉందట. ఒకదాని యజమాని ఇంకోదాని గుమ్మం వంక కూడా చూడడట.

"రెంటిలో ఏది గొప్పదో స్వయముగా పోల్చి, దానిని రాష్ట్ర ప్రమాణంగా ప్రకటించెదము" అని అధ్యక్షులు తీర్మానించారు. పోల్చటానికి సంఘం వేశారు. సంఘంలో సూపు కాచటం వచ్చినవాడు ఒక్కడైనా ఉండాలని ఎవరో గుర్తు చేశారు. అప్పటికి మండలి దగ్గర పేరూ చిరునామా ఉన్న సూపు మనిషి ఒక్కడే. వాడు ముద్దాయి.

"పాస్‌పోర్టా? నాకా?" అన్నాడు జకరయ్య.

"పోయిరా" అంది భార్య మార్తమ్మ. "బండి ఎట్టా లేవదు. తిరిగొచ్చినాకైనా సీలు తీస్తారేమో ముందే అడుగు."

అడిగాడు. సంతకం పెట్టి సహకరిస్తే సీలు విషయం సానుభూతితో పరిశీలిస్తామన్నారు భుజంగం గారు. ఆ సానుభూతి కోసం జకరయ్య విమానం ఎక్కాడు.

సంఘంలో మొత్తం ఐదుగురు. అందులో ఇద్దరు దిగినరోజే బజారుకెళ్ళి ఆఖరిరోజు దాకా బజారులోనే ఉన్నారు గనుక వాళ్ళతో మనకు పని లేదు.

రెండు హోటళ్ళూ చూశాడు జకరయ్య. హోటళ్ళంటే హోటళ్ళు కాదు. ఒక్కో గది, గది ముందు కాలిబాట మీద పీటలంత ప్లాస్టిక్ స్టూళ్ళు. ఎడమపక్క దానివి నీలం స్టూళ్ళు, కుడిపక్క దానివి ఎరుపు. జనం మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని పొద్దున్నే జుర్రుకుంటున్నారు. ఆ గాలిలో అనాసపువ్వు వాసన, దాల్చినచెక్క వాసన. ఇంకేదో కూడా ఉంది. జకరయ్య ముక్కు ఎగబీల్చాడు. మాడ్చిన ఉల్లిపాయ. నిప్పుల మీద పొట్టుతోనే మాడ్చింది. వాళ్ళమ్మ కాళ్ళ సూపులో వేసేది. తనూ వేస్తాడు. ఇంత దూరం వచ్చి అమ్మ వాసన తగిలేసరికి ఇంకోసారి గట్టిగా ఎగబీల్చాడు.

అధ్యక్షుల వారికి స్టూలు చాలలేదు. రెండు స్టూళ్ళు కలిపి వేశారు. ఒకటి నీలం, ఒకటి ఎరుపు, పక్షపాతం లేకుండా. సందు మధ్యలో బల్ల వేయించి, రెండు హోటళ్ళ నుంచీ ఒక్కో గిన్నె తెప్పించారు. స్కూటర్లు బల్లకు అటూ ఇటూ తిప్పుకుని పోతున్నాయి.

భుజంగం గారు టేపు తీశారు. గిన్నె వెడల్పు కొలిచారు. థర్మామీటరు ముంచారు. సేమ్యా ఒకటి పైకిలాగి పొడవు రాసుకున్నారు. పన్నెండు గడులు నిండాయి. పదమూడో గడి: రుచి.

అక్కడ ఆగింది.

"నిబంధన పద్నాలుగు" అని చదివారు భుజంగం గారు. "పై అధికారి రుచి చూడనిదే కింది అధికారి రుచి చూడరాదు. పై అధికారికి వీలుపడనిచో, తన నోటి అధికారమును లిఖితపూర్వకముగా కిందివారికి అప్పగించవచ్చును."

అధ్యక్షుల వారు రెండేళ్ళుగా నీచు ముట్టటం లేదు. గురువుగారి మాట. పైగా గొడ్డు మాంసం అనే మాట ఫైల్లో రాయకూడదని ‘పశుమూల ద్రవం’ అని రాయించింది ఆయనే. "మీరు కానివ్వండి భుజంగం" అన్నారు.

"నాకు శనివారం సార్."

"ఇవాళ బుధవారం కదయ్యా."

"ఇది గిట్టదు సార్. దీనికి నాకన్ని వారాలూ శనివారమే."

అప్పుడు ఇద్దరూ కలిసి జకరయ్య వైపు చూశారు. నోటి అధికారం అప్పగింత పత్రం అక్కడికక్కడే రాయటం మొదలైంది. ఎనిమిది షరతులు. ‘సదరు అధికారమును పొందినవాడు వలదనుకొనినచో అది మరల అప్పగించినవారికే చేరును’ అన్నది ఎనిమిదోది. ఎడమ గిన్నె ముందు వచ్చింది గనుక అది కుడి గిన్నె కంటే నాలుగు డిగ్రీలు చల్లగా ఉంది. న్యాయంగా పోల్చాలంటే రెండూ సమానంగా ఉండాలి. రెండూ పూర్తిగా చల్లారితే సమానమవుతాయని భుజంగం గారు కనిపెట్టారు. అందరూ కూర్చుని చల్లారబెట్టారు. కొవ్వు తెల్లగా పేరుకుంది. సేమ్యా ఉబ్బి ముద్దయింది.

ఎడమ హోటలావిడ గరిటె పట్టుకుని వచ్చి ఏదో అరిచింది. దారి చూపటానికి పెట్టుకున్న లాన్ అనే అమ్మాయి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. భుజంగం గారు దాన్ని తెలుగు చేశారు. "భుజింపకపోవుటకు కారణమేమి, మీ గృహమునందు ఎవరైననూ గతించినారా అని విచారించుచున్నది."

జకరయ్యకు తలవంపులైంది. కాచినవాడి ముందు సూపు చల్లార్చటం ఎంత అవమానమో అక్కడున్న వాళ్ళలో ఆవిడకూ, తనకూ తప్ప ఎవరికీ తెలియదు. సంతకం ఆరకముందే పత్రం జేబులో కుక్కి గిన్నె ఎత్తాడు. ఎడమది తాగాడు. కుడిది తాగాడు. గిన్నెల అడుగునున్న ఎముకలూ జుర్రాడు. మళ్ళీ ఎడమది తాగాడు.

"ఒకటే సార్."

"ఏది?"

"రెండూ ఒకటే. ఒక కుండలోవి."

"అదెట్లా వీలవుతుంది? రెండు హోటళ్ళు, రెండు బోర్డులు, రెండు రంగుల స్టూళ్ళు."

"స్టూళ్ళు వేరే సార్. కుండ ఒకటే. ఒకే చెయ్యి కాచింది. ఉల్లిపాయ ఒక పక్కనే మాడింది రెండిట్లోనూ."

వాళ్ళు నమ్మలేదు. మర్నాడు పొద్దున్నే జకరయ్య ఒక్కడే లేచి, వాసన పట్టుకుని సందు వెనక్కి పోయాడు. రెండు హోటళ్ళకూ వెనకగా ఒక పెంకుటిల్లు. వసారాలో బొగ్గుల పొయ్యి, దాని మీద మనిషి దిగేంత కుండ. పక్కన ముక్కాలిపీట మీద ఒక ముసలామె. ఎడమ హోటలావిడ బకెట్టుతో వచ్చి నింపుకుపోయింది. ఆమె మలుపు తిరిగినాక కుడి హోటలావిడ వచ్చి నింపుకుపోయింది. తోడికోడళ్ళు. మొగుళ్ళు అంగడిని చీల్చుకున్నారు. కుండను చీల్చటం మాత్రం ఎవరి వల్లా కాలేదు.

ముసలామె జకరయ్యను చూసింది. మాడిన ఉల్లిపాయ ఎత్తి చూపించింది. జకరయ్య పొయ్యి పక్కనున్న అల్లం కొమ్ము చూపించి, ఇదీ మాడుస్తావా అన్నట్టు చెయ్యి తిప్పాడు. ఆమె నవ్వి తల ఊపింది. ఎన్ని గంటలని వేళ్ళతో అడిగాడు. ఆమె రెండు చేతులూ తెరిచి చూపి, మళ్ళీ రెండు వేళ్ళు చూపింది. పన్నెండు. తనది ఎనిమిదే. కాస్త సిగ్గుపడ్డాడు. వచ్చిన పనంతా అతనికి అక్కడే అయిపోయింది.

బసకు వచ్చి చూసిందంతా చెప్పాడు.

"చూడు జకరయ్యా" అన్నారు అధ్యక్షుల వారు. "రెండూ ఒకటేనని రాస్తే పోల్చటానికి ఏమీ లేదని అర్థం. పోల్చటానికి ఏమీ లేకపోతే మేం ఎందుకు వచ్చినట్టు?"

"అదే నాకూ తెలవట్లా సార్."

"అందువల్ల తేడా ఉంది. ఎంత ఉందన్నదే ప్రశ్న."

భుజంగం గారు పన్నెండు గడులూ కూడి, పదమూడో గడిలో ‘వర్తించదు’ అని రాసి, లెక్క తేల్చారు. బోర్డు మీది అక్షరాల ఎత్తు, కుళాయి దూరం, స్టూలు గట్టిదనం అన్నీ కలిపి ఎడమ హోటలు సూపు పదిహేడు పాయింటు నాలుగు శాతం మెరుగు. జకరయ్య ముందు కాగితం పెట్టారు. బండి కళ్ళముందు మెదిలింది. మూత మీద కాగితం, చక్రం కింద మొలుస్తున్న గడ్డి. కళ్ళు మూసుకుని సంతకం పెట్టాడు. ఆ ముసలామె చూస్తున్నట్టే అనిపించింది.

మెరుగైన సూపును ఒక ఫ్లాస్కులో పోసి, లక్కతో ముద్ర వేసి, గుడ్డ కట్టి తెచ్చారు. విమానాశ్రయంలో ఇదేమిటని అడిగితే రాష్ట్ర ప్రమాణం అన్నారు. అడిగినవాడు అర్థంకాక వదిలేశాడు.

మండలి కార్యాలయంలో ఫ్రిజ్ ఉంది. కానీ ప్రమాణాన్ని తాళం ఉన్నచోటే భద్రపరచాలని నిబంధన. ఫ్రిజ్‌కు తాళం లేదు. బీరువాకు ఉంది. బీరువాలో పెట్టారు. ఎండాకాలం. మూడు వారాలు గడిచాయి. నాలుగో వారం నుంచి ఆ గదిలో గుమాస్తాలు ముక్కుకు తువ్వాలు కట్టుకుని పని చేశారు. ప్రమాణం ఘాటుగా ఉందని అధ్యక్షుల వారు మెచ్చుకున్నారు.

జిల్లాలో సూపు అమ్మేవాళ్ళందర్నీ పరీక్షకు పిలిచారు. ముద్ర పగలగొట్టరాదు గనుక, బీరువా తలుపు తెరిచి, ఫ్లాస్కు మూత దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, తరవాత అభ్యర్థి గిన్నె వాసన చూసి శాతం వేస్తున్నారు. వాసన చూసే పనికి అప్పగింత పత్రం అక్కర్లేదట. అది భుజంగం గారే చేశారు. మూడుసార్లు కళ్ళు తిరిగి కూర్చున్నారు.

పొద్దుటినుంచీ ఒక్కడే నెగ్గాడు. ఎక్కడో మారుమూల నుంచి వచ్చినవాడు. బస్సు చెడిపోయి సగం దారిలో ఒకటిన్నర రోజు చిక్కుకుపోయాడు. గిన్నె మూత తియ్యగానే భుజంగం గారు, "తొంభైరెండు" అని, బయటికి పరుగెత్తారు. వాడికి జిల్లాలో మొదటి పోలిక పత్రం ఇచ్చి దండ వేశారు. వాడు ఆ దండ వాసనే చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

జకరయ్య పన్నెండు గంటలు కాచి తెచ్చాడు, అల్లం కూడా మాడ్చి. ఆ గదిలో అంతసేపటికి అందరూ ఒక్కసారి ఊపిరి గట్టిగా పీల్చుకున్నారు.

"ప్రమాణానికి తొంభైయొక్క శాతం దూరం" అన్నారు భుజంగం గారు, గిన్నె మీద నుంచి మొహం తీయకుండానే. "ఇంకోసారి రావచ్చు. ఈలోగా బాగా మాగబెట్టు."

ఇంటికొచ్చి చెబితే మార్తమ్మ చీపురు కింద పడేసింది. "పాచి కంపు చేసి, కాలు విరిగినోడి నోట్లో పోస్తావా?"

"పరీక్ష వరకే. సీలు లేస్తే మళ్ళీ మంచిదే కాస్తా."

"ఆడ చూసింది ఏందో చెప్పకుండా సంతకం పెట్టొచ్చావు. ఈడ కుళ్ళిందాన్ని మంచిదంటావు. ఇంకా ఏడ ఆగుతావయ్యా నువ్వు?"

ఆమె కోపంగా, వచ్చినప్పటినుంచీ వంకెకే వేలాడుతున్న అతని ప్రయాణం చొక్కా ఉతకటానికి తీసి, జేబులోంచి మడిచిన కాగితం లాగింది. "ఇదేంది? దీనికీ సంతకం పెట్టావా?"

నోటి అధికారం అప్పగింత పత్రం. జకరయ్య గుమ్మంలో కూర్చుని కూడబలుక్కుంటూ చదివాడు. ఎనిమిదో షరతు దగ్గర ఆగాడు. మళ్ళీ చదివాడు. బడి మానేసినాక మొదటిసారి చదువు మీద అతనికి గౌరవం కలిగింది.

మర్నాడు అప్పీలు పెట్టాడు. అప్పీలులో వాసన చాలదు, ముద్ర పగలగొట్టి ప్రమాణాన్నీ అభ్యర్థి సూపునూ రుచి చూసి తేల్చాలి. విచారణ నాడు జిల్లా సూపువాళ్ళంతా గోడల వెంట నిలబడ్డారు. అధ్యక్షుల వారు పెద్ద కుర్చీలో కూర్చున్నారు. భుజంగం గారు నిబంధన చదివి, "నోటి అధికారం కలవాడు ముందుకు రావలెను" అన్నారు.

జకరయ్య ముందుకొచ్చి కాగితం బల్ల మీద పెట్టాడు. "వద్దనుకుంటున్నా సార్. తిరిగి అప్పగిస్తున్నా."

"అట్లా కుదరదు."

"ఎనిమిదోది చూడండి సార్. మీ చేతిరాతే."

భుజంగం గారు చూశారు. తన చేతిరాతను తను కాదనలేని మనిషి ఆయన. నెమ్మదిగా కాగితాన్ని అధ్యక్షుల వారి వైపు జరిపారు. "సార్. మీ నోరు మీకు చేరింది."

"నేను నీచు ముట్టను" అన్నారు అధ్యక్షుల వారు.

"ఇది నీచు కాదు గదా సార్" అన్నాడు జకరయ్య. "పశుమూల ద్రవం. ప్రమాణం. తమరు మంచిదని తేల్చిందే."

గోడ దగ్గర ఎవడో కిసుక్కుమన్నాడు. ఇక తప్పలేదు. అధ్యక్షుల వారు ఫ్లాస్కును ఒడిలో పెట్టుకుని లక్క గిల్లారు. మూత అర చుట్టు తిప్పారు. మిగతా అర చుట్టు అదే తిరిగింది. ఐదు వారాలుగా లోపల పులుస్తున్నది ఒక్కసారిగా బయటికి తన్నింది. మూత పంకాకు తగిలింది. అధ్యక్షుల వారు కుర్చీతో సహా వెనక్కి పడ్డారు. పడుతూ కుడిచెయ్యి నేలకు ఆనించారు. ఎండు కట్టె విరిగిన చప్పుడయింది. జకరయ్య ఆ చప్పుడు విని మణికట్టు అనుకున్నాడు. మణికట్టే.

అందరూ కలిసి ఆయన్ను ఆ కుర్చీలోనే మోసుకుపోయి ఎముకల ఆసుపత్రిలో చేర్చారు. కట్టు కట్టిన డాక్టరు చేతులు కడుక్కుంటూ, "ఎదురుగా జకరయ్య బండి ఉండేది. కాళ్ళ సూపు పట్టించండి, త్వరగా అతుక్కుంటుంది" అన్నాడు.

భుజంగం గారు గేటు బయటికి వచ్చారు. "జకరయ్యా, అధ్యక్షుల వారికి ద్రవాహారం అవసరమైనది."

"ఆయన నీచు తినరు గదా సార్."

భుజంగం గారు నిబంధనల పుస్తకం తిరగేశారు. "కాళ్ళు మాంసం కిందికి రావు. ఎముక కిందికి వస్తాయి."

"బండికి సీలుంది సార్."

సీలు తీయాలంటే అధ్యక్షుల సంతకం కావాలి. భుజంగం గారు జకరయ్యను వెంటబెట్టుకుని లోపలికి వచ్చి, ఉత్తర్వు మందులచీటీ వెనక రాశారు. కుడిచెయ్యి కట్టులో ఉంది. ఎడమచేత్తో ఆయనకు రాయటం రాదు. చివరికి సిరాలో బొటనవేలు ముంచి వేలిముద్ర వేయించారు. వేలిముద్రకు చదువు వచ్చినవాడి సాక్షి సంతకం కావాలి, అతను మండలి ఉద్యోగి కాకూడదు. గదిలో అలాంటివాడు జకరయ్య ఒక్కడే. ‘నా ఎదుట వేలిముద్ర వేసినారు’ అన్న వాక్యం కింద పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా, గొలుసుకట్టు రాత కాకుండా రాశాడు. ఎంత తొందర పడమన్నా పడలేదు.

మర్నాడు పొద్దున గుండిగ పొగలు కక్కింది. పన్నెండు గంటలది. గేటు ముందు కట్లవాళ్ళు వరస కట్టారు. మొదటి గిన్నె జకరయ్యే స్వయంగా లోపలికి తీసుకుపోయాడు. భుజంగం గారు గరిటెతో పట్టించారు. అధ్యక్షుల వారు కళ్ళు మూసుకుని గిన్నె అడుగుదాకా తాగారు.

"బాగుంది" అన్నారు. అన్న తరవాత ఉలిక్కిపడ్డారు. "దేనితో పోలిస్తే?"

"ఇంకో గిన్నె తాగి పోల్చుకోండి సార్" అన్నాడు జకరయ్య.

అదే గుండిగలోంచి రెండో గిన్నె వచ్చింది. అధ్యక్షుల వారు దాన్ని ఇంకా నెమ్మదిగా, ఎముక కూడా వదలకుండా ముగించి, చాలాసేపు ఆలోచించి చెప్పారు.

"రెండోది మెరుగు."

భుజంగం గారు కలం తీశారు. "ఎంత శాతం సార్?"

"పదిహేడు పాయింటు నాలుగు."

"అయితే మొదటి గిన్నె ప్రమాణానికి తక్కువ సార్. నిబంధన ప్రకారం సీలు వేయాలి."

ఖాళీ గిన్నెకు అడ్డంగా ఒక కాగితం, నిలువుగా ఒక కాగితం అంటించారు. జకరయ్య అడ్డు చెప్పలేదు. మైదా జిగురు తనే కాచి ఇచ్చాడు.